పెళ్ళికొడుకు బదులు

కారు ఆపి చాలాసేపైంది గాని నమ్రత ఇంకా దిగలేదు. ఎండ అప్పుడే ముదిరింది, ఏసీ కోసమని ఇంజన్ ఆపలేదు, పక్క సీట్లో గోంగూర పచ్చడి సీసా సీటు బెల్టు పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది. డాలస్ పక్కన ఈ ప్లేనోలో ఇలాంటి అపార్ట్‌మెంట్లన్నీ ఒకేలా ఉంటాయి, అదే లేత రాయి గోడ, అదే నల్ల కమ్మీల బాల్కనీ, అందులో ఎండకి మాడుతున్న అదే తులసి కుండీ. తులసి కనబడిందంటే మనవాళ్ళే. రెండో అంతస్తులో ఆ కుండీ ఉన్న ఇంట్లో మీనా ఉంది. మీనా నమ్రత తమ్ముడు శశికాంత్‌కి భార్య, ఫ్రిస్కోలో మొగుడి ఇల్లు వదిలి ఇక్కడికొచ్చి నెల దాటింది. పొద్దున్న లేవగానే ఫోన్లో రెండు మెసేజ్‌లు వచ్చి ఉన్నాయి నమ్రతకి. ఒకటి తమ్ముడిది, అక్కా నువ్వెళ్ళి మాట్లాడు, నువ్వు చెప్తే వింటుంది అని. రెండోది మీనాది. వదినా, మీరు కట్టిన తాళి మీరే విప్పాలి, నేనే తీసేస్తే కోపంలో తెంపుకున్నాననుకుంటారు, కట్టినవాళ్ళ చేత విప్పించుకుంటే పద్ధతిగా ఉంటుంది, వీలు చూసుకుని రండి, టిఫిన్ ఇక్కడే. ఆ చివరి మాట చదివి నమ్రతకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. తాళి విప్పడానికి పిలుస్తూ టిఫిన్ ఇక్కడే అనగలిగిన మనిషి లోకంలో మీనా ఒక్కతే ఉంటుంది.

అవును, కట్టింది తనే. ఎవరైనా వింటే అదేమిటని అడుగుతారు గాని ఆ ఏడాది ఎవరూ ఏమీ అడగలేదు. తండ్రికి బాగాలేదని చూడ్డానికి ఏలూరు వెళ్ళిన నమ్రత అక్కడే చిక్కుకుపోయింది, విమానాలు ఆగిపోయాయి. శశికాంత్ టెక్సస్‌లో చిక్కుకుపోయాడు, కాన్సులేట్లు మూసేశారు, దేశం దాటితే వీసా స్టాంపింగ్ దొరకదు, మళ్ళీ ఉద్యోగానికి రాలేడు. మీనాకి అప్పటికే ముప్ఫై దాటాయి, కుదిరినవి రెండు సంబంధాలు తప్పిపోయాయి, ఈ ముహూర్తం పోతే మళ్ళీ మూఢం అని రెండిళ్ళ పెద్దలూ పట్టుబట్టారు. డాబా మీద పందిరి, పీటల మీద ఒకవైపు మీనా, రెండోవైపు లాప్‌టాప్, మధ్యలో అడ్డుతెర. పంతులుగారు మాస్కు గడ్డం కిందకి లాక్కుని మంత్రాలు బాగానే చదువుతూ వచ్చారు, జీలకర్ర బెల్లం దగ్గరికొచ్చేసరికి ఆగిపోయారు. పెళ్ళికొడుకు నడినెత్తి మీద పెట్టించాలి, నెత్తి ఏది? లాప్‌టాప్ మూత మీద పెడితే జారి కిందపడింది. అమ్మాయీ, నీ తలకాయ ఇలా పట్టు అన్నారాయన నమ్రతని చూసి, తోబుట్టువువే కదా, రక్తం ఒకటే. అలా తమలపాకులో జీలకర్ర బెల్లం నమ్రత నెత్తిమీదకొచ్చింది, మీనా నెత్తిన నమ్రత చేత్తో పెట్టింది. మీనా వేళ్ళు వణికాయి. ఆ వణుకు నమ్రత మాడుకి ఇప్పటికీ తెలుసు. తెర తీశారు, వధూవరులు ఒకరినొకరు చూసుకోవాల్సిన క్షణం, సరిగ్గా అప్పుడే నెట్టు ఆగిపోయి శశికాంత్ సగం కళ్ళు మూసి, నోరు తెరిచి స్క్రీన్ మీద బొమ్మలా ఉండిపోయాడు. రౌటర్ చూడండ్రా అని బాబాయి అరుస్తున్నాడు, సన్నాయి ఆగలేదు, మీనా తల ఎత్తి చూసింది నమ్రత కళ్ళలోకే. ఇక తాళి సంగతి. వాళ్ళ ఇళ్ళలో మొదటి ముడి పెళ్ళికొడుకు వేస్తే మిగతా రెండూ ఆడపడుచు వేస్తుంది. ఎలాగూ రెండు నీవే కదమ్మా, ఆ ఒక్కటీ కూడా నువ్వే కానిచ్చెయ్ అన్నారు పంతులుగారు, లేటవుతోందని. నమ్రత కానిచ్చేసింది. ఏడడుగులు కూడా తనే నడిచింది, మీనా చిటికెన వేలు పట్టుకుని, పట్టుచీర కుచ్చిళ్ళు కాళ్ళకడ్డం పడుతుంటే. తలంబ్రాల బియ్యం కీబోర్డులోకి పోయి ఆ లాప్‌టాప్ మళ్ళీ బాగుపడలేదు.

గడ్డి మీద నీళ్ళ గొట్టాలు వాటంతటవి లేచి చిమ్మడం మొదలుపెట్టాయి. ఇంత ఎండలో నీళ్ళెవరు పెట్టించారో. పిక్నిక్ బల్ల మీద నల్ల పిట్ట ఒకటి నోరు తెరుచుకుని తడవాలా వద్దా అన్నట్టు చూస్తోంది. ఆ డచెస్ పడవ దిగినప్పుడు మంచు కాలం, అనుకుంది నమ్రత, అనుకున్నాక తన మీద తనకే నవ్వొచ్చింది. రెండు వారాలుగా బుర్రలో ఆ డచెస్సే తిరుగుతోంది. తప్పంతా దేదీప్యది. కూతురికి స్కూల్లో ప్రాజెక్టు, చరిత్రలో ఒక ఆడమనిషిలా తయారై ఆవిడలాగే క్లాసులో మాట్లాడాలి. అందరూ పేరున్న మహారాణుల్ని పట్టుకుంటే ఇది ఎక్కడినుంచో ఇసబెల్లా అనే పోర్చుగల్ రాకుమారిని, తర్వాత డచెస్ అయినదాన్ని, తవ్వి తెచ్చింది. అమ్మా, she was thirty-two when she got married, అప్పట్లో అది చాలా old, నీకు తెలుసా, అంది కళ్ళు పెద్దవి చేసి. నమ్రత పాత పట్టు లంగా నడుముకి చుట్టి, అట్టముక్కతో శంకువులా టోపీ చేసి దాన్నుంచి చున్నీ వేలాడేసుకుని, మెట్లు దిగుతూ ఎక్కుతూ ఒకటే పాఠం అప్పగింతలు. కూర తరుగుతూ వింది నమ్రత, బట్టలు మడతపెడుతూ వింది, వినగా వినగా కూతురికంటే తనకే ఎక్కువ పట్టుకుంది. బర్గండీ అనే చోట పెద్ద డ్యూక్, రాజులాంటివాడు, ఉన్నాడు, ఇద్దరు భార్యలు పోయారు, మూడో సంబంధం చూస్తున్నాడు. పిల్ల ఎలా ఉంటుందో చూసి రమ్మని రాయబారులతో పాటు తన కొలువులోని చిత్రకారుణ్ణి కూడా పంపాడు. ఆయన బొమ్మలు రెండు గీశాడు, ఒకటి ఓడ మీద, ఒకటి నేల దారిన పంపారు, ఒకటి పోయినా ఇంకోటి చేరుతుందని. ఆ మాట విని నమ్రత చేతిలో బెండకాయ ఆగిపోయింది. మీనా ఫోటోలు కూడా అలాగే కదూ పంపింది, వాట్సాప్‌లో చీర కట్టుకున్నది, మ్యారేజ్ బ్యూరో ద్వారా చుడీదార్‌ది. శశికాంత్ ఏది చూశాడో, అసలు ఏదైనా రెండోసారి చూశాడో లేదో.

ఇంతకంటే నమ్రతని పట్టుకున్నది పెళ్ళి సంగతి. లిస్బన్‌లో పెళ్ళి జరిగినప్పుడు డ్యూక్ అక్కడ లేడు. అతని బదులు అతని రాయబారి, ఎవరో పెద్దమనిషి, పెళ్ళికొడుకు స్థానంలో నిలబడ్డాడు. ఆ కాలంలో ఇంకెక్కడో జరిగిన ఇలాంటి పెళ్ళిలోనైతే బదులొచ్చినవాడు ఒక కాలికి మేజోడు తీసేసి, ఆ కాలు పెళ్ళికూతురి పక్కమీద ఆనించాడట, అంతటితో పెళ్ళి పూర్తయినట్టట. ఛీ gross అంది దేదీప్య. నమ్రతకి మాత్రం ఛీ అనిపించలేదు, ఆ కాలు చల్లగా ఉండి ఉంటుందా అనిపించింది. తర్వాత ఆ పెద్దమనిషి ఏమయ్యాడని అడిగింది కూతుర్ని. ఎవరు? అదే, బదులు నిలబడ్డాయన. I don't know అమ్మా, he's nobody, అంది అది. నమ్రత ఊరుకోలేక తర్వాత ఫోన్లో తనే వెతికింది, దొరకలేదు. డచెస్ ఏ రంగు గౌను వేసుకుందో, విందులో ఏం వడ్డించారో రాసుకున్న లోకానికి ఆ మనిషి మనసులో ఏముందో అక్కర్లేకపోయింది. ఆమె చెయ్యి పట్టుకున్నప్పుడు అది వణికిందా? తర్వాత కొలువులో ఆమె ఎదురైతే తల దించుకున్నాడా, ఎలా ఉన్నావమ్మా అని కళ్ళతోనైనా అడిగాడా? డ్యూక్ ఇంకొకత్తె దగ్గరికి పోతున్నాడని తెలిసినప్పుడు, ఆ మాటలు పలికింది తన నోరు కదా అని రాత్రి అన్నం సయించిందా? ఆయన పని అయిపోయింది, దస్తీతో చెయ్యి తుడుచుకుని ఉంటాడు అనుకోబోయింది గాని అలా అనుకోబుద్ధి కాలేదు.

తన పని అయిపోయిందనే అనుకుంది నమ్రత కూడా. ఏడాది తిరిగాక శశికాంత్ ఇండియా వెళ్ళాడు, రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు పెట్టాడు, మీనాని వెంటబెట్టుకొచ్చాడు. మళ్ళీ తాళి కట్టించాలా అని ఎవరో అంటే, ఒకే మెడలో రెండుసార్లు కట్టకూడదు అన్నారు పెద్దలు. పసుపుతాడు తీసి గొలుసులోకి మార్చేది మొగుడి ఎదుట జరగాలని ఆపారు, అది అమెరికా వెళ్ళాక అన్నారు, అమెరికా వచ్చాక ఇల్లు కొన్నాక అన్నాడు శశికాంత్, ఇల్లు కొన్నాక ఆ ఊసే లేదు. తాడు మార్చుకోవే అని అత్తగారు ఫోన్లో ఎంత పోరినా మీనా మార్చలేదు, పసుపు రాసుకుంటూ అదే ఉంచుకుంది. వాడు చెడ్డవాడు కాదు. అక్కడే వస్తుంది చిక్కు. తాగడు, తిట్టడు, ఇంకొకత్తె లేదు. ఆ డ్యూక్ అయితే నీవు తప్ప వేరొకరు వద్దు అని పెళ్ళికి కొత్త బిరుదు వాక్యం పెట్టుకుని మరీ ఊరంతా తిరిగాడు, వీడికి ఆ ఓపిక కూడా లేదు. మేడ మీద గదిలో చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటాడు, కాఫీ కావాలంటే కింద వంటింట్లో ఉన్న పెళ్ళానికి మెసేజ్ పెడతాడు. ఒకసారి నమ్రత అక్కడున్నప్పుడే వచ్చింది ఆ మెసేజ్, మీనా ఫోన్ తిప్పి చూపించింది, కాఫీ కలిపి మెట్లెక్కింది. దిగి వస్తూ, నా పెళ్ళి ఇంకా వీడియోలోనే జరుగుతోంది వదినా అంది నవ్వుతూ. నమ్రత కూడా నవ్వింది. ఎందుకు నవ్వానా అనుకుంటోంది ఇప్పుడు. మీనాకి వర్క్ పర్మిట్ వచ్చింది, ఈ పక్కనే ఏదో కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం దొరికింది, ఒక సూట్‌కేస్ తీసుకుని వెళ్ళిపోయింది. వెళ్ళిన సంగతి శశికాంత్‌కి సాయంత్రం కాఫీ రాకపోతే తెలిసింది.

మరి విప్పడమంటే మాటలా? మొగుడు నిక్షేపంగా ఉండగా తాళి విప్పడం. నమ్రత చదువుకుంది, డాలస్‌లో పదిహేనేళ్ళుగా కాపురముంది, ఇవన్నీ నమ్మనని కూతురి దగ్గర గొప్పలు పోతుంది, కాని ఆ మాట తలుచుకుంటే కారు తలుపు మీదకి చెయ్యి పోవడం లేదు. వాడు హైవే మీద డ్రైవ్ చేస్తాడు. రేపు వాడికేమైనా అయితే తన వేళ్ళని తను ఎలా చూసుకుంటుంది? వాడికి ఏమీ కాకపోయినా వాడు మాట్లాడడు ఇక, అమ్మకి తెలిస్తే అమ్మ అసలు మాట్లాడదు. తమ్ముణ్ణి పోగొట్టుకుంటుంది, ఇక్కడ ఈ దేశంలో తనకి పుట్టింటి వాళ్ళంటే వాడొక్కడు. విప్పకుండా తిరిగెళ్ళిపోతే? మీనా కత్తెరతో తెంపుకుంటుంది, ఏముంది, తెంపుకోవడం చేతకాక కాదు పిలిచింది. మీరు చూస్తుండగా ఇది మొదలైంది, మీరు చూస్తుండగానే ముగియాలి అంటోంది. అంత మర్యాదగా అడిగినదాన్ని కాదని కారు వెనక్కి తిప్పితే ఆ తర్వాత గోంగూర పచ్చడి ఎవరికివ్వాలి?

ఓడలు బయల్దేరాక తుఫాను పట్టింది, అని అట్టముక్క టోపీ పట్టుకుని ఊగేది దేదీప్య. ఓడలన్నీ చెదిరిపోయాయి, పెళ్ళికూతురు బతికుందో లేదో కొన్నాళ్ళు ఎవరికీ తెలియలేదు. చివరికి క్రిస్మస్ నాడు ఒడ్డు చేరింది. నమ్రతకి ఆ ఓడలో కూర్చోవాలని ఉంటుంది ఎప్పుడూ, ఆమె పక్కన, వాంతులకి బకెట్టు పట్టుకుని. పెళ్ళి అయిపోయింది, మొగుడి మొహం తెలియదు, వెనక అమ్మ లేదు, ముందు భాష రాదు. భయపడి ఉంటుందా, లేక ముప్ఫై రెండేళ్ళకి మొదటిసారి ఇంట్లోంచి బయటపడ్డానని లోలోపల సంబరపడిందా? పుట్టిన ఇద్దరు కొడుకులూ పసివాళ్ళుగానే పోయారు, మూడోవాడు నిలిచాడు. డ్యూక్ తరఫున సంధి మాటలకి వెళ్ళింది, లెక్కలు చూసింది, తెలివైనదని అందరూ ఒప్పుకున్నారు. చివర్లో అరవయ్యో ఏట ఆయన కొలువు వదిలి వెళ్ళి అడవి పక్క తన ఇంట్లో ఉండిపోయింది. విడాకులు తీసుకుందా అని అడిగింది నమ్రత. లేదమ్మా, she just left. వెళ్ళిపోయింది అంతే. No drama. అరవై ఏళ్ళదాకా ఆగింది మహాతల్లి. మీనాకి ఇంకా ముప్ఫై ఐదు నిండలేదు. ఆ డచెస్ తలుపు ఎవరైనా ముందే వచ్చి తట్టి ఉంటే? ఆ బదులు నిలబడ్డాయనే వచ్చి, అమ్మా, ఆ రోజు నేను చెప్పిన మాటలు నేను వెనక్కి తీసుకుంటున్నాను అని ఉంటే? అనకూడదా? ఆయనకి ఆ హక్కు లేదా? ఎవరికీ లేని హక్కు ఆయనకే ఎందుకు ఉండకూడదు? నమ్రత ఇంజన్ ఆపేసింది.

తలుపు తట్టకముందే తెరుచుకుంది. మీనా పాత నైటీలో ఉంది, జుట్టు ముడేసుకుంది, మొహం కాస్త చిక్కింది గాని కళ్ళు తేటగా ఉన్నాయి.

"బాల్కనీలోంచి మీ కారు కనబడుతూనే ఉంది వదినా. దిగుతారో వెళ్ళిపోతారో అని చూస్తున్నాను."

"వెళ్ళిపోతే?"

"దోసెల పిండి ఫ్రిజ్‌లో పెట్టేసేదాన్ని."

"వాడు నన్ను పంపాడు మీనా. నిన్ను తీసుకురమ్మని."

"తెలుసు. ఈసారి కూడా మిమ్మల్నే పంపారు కదా," అంది మీనా. ఆ మాటలో వెటకారం కోసం వెతికింది నమ్రత. లేదు.

ఇంట్లో సోఫా లేదు, ఒక చాప, రెండు దిళ్ళు. మీనా కొబ్బరినూనె గిన్నె తెచ్చి పక్కన పెట్టి, వీపు తిప్పి చాప మీద కూర్చుని జుట్టు ముందుకేసుకుంది. మెడ వెనక పసుపుతాడు నల్లబడి, ముళ్ళు గింజల్లా గట్టిపడ్డాయి. నమ్రత మోకాళ్ళ మీద కూర్చుంది. చెయ్యి వెయ్యబోయి ఆగింది. కారులో ఇంతసేపూ, ఇన్ని రోజులూ ఎవరినెవరినో అడిగిన ప్రశ్న ఉంది, దాన్ని అడగాల్సిన మనిషి ఇదిగో, ఎదురుగా ఉంది.

"ఆ రోజు, తెర తీశాక, నా మొహం చూసినప్పుడు ఏమనుకున్నావు మీనా?"

"ఈవిడ కళ్ళు ఇంత మంచిగా ఉన్నాయి, తమ్ముడివి కూడా ఇలాగే ఉంటాయిలే అనుకున్నాను."

నమ్రతకి కళ్ళు మసకబారాయి. నూనెలో వేలు ముంచి పై ముడి మీద రాసింది, గోటితో కొంచెం కొంచెంగా లాగింది. చాలాసేపు పట్టింది. గోరు విరిగింది. కత్తెర ఇవ్వనా అని మీనా అంటే వద్దంది. మూడో ముడి వచ్చింది, దాని కింద రెండోది ఇంకా మొండికేసింది, అదీ వచ్చింది. అప్పుడే ఫోన్ మోగింది, శశికాంత్. నమ్రత స్పీకర్ ఆన్ చేసి చాప మీద పెట్టింది.

"ఏమంటోంది అక్కా? ఒప్పుకుందా?"

"తను కాదురా. నేను ఒప్పుకున్నాను."

"అంటే?"

"తాళి విప్పుతున్నాను శశీ. రెండు ముళ్ళు విప్పేశాను, ఆ రెండూ పద్ధతి ప్రకారం నావే. మొదటిది నీది. నీ బదులు నేను వేశాను. అది విప్పాలన్నా, విప్పొద్దని అడగాలన్నా నువ్వే రావాలి. అరగంట కూడా పట్టదు. వస్తానను, నువ్వొచ్చేదాకా మేమిద్దరం ఇలాగే కూర్చుంటాం."

అవతల వాడి ఊపిరి వినబడుతోంది. మీనా తల తిప్పలేదు గాని భుజాలు బిగుసుకున్నాయి, మెడ దగ్గర నరం ఒకటి కొట్టుకోవడం నమ్రతకి కనబడింది. ఇంత జరిగాక కూడా, పిచ్చిపిల్ల, ఎదురుచూస్తోంది. రారా, అనుకుంది నమ్రత, వచ్చి కేకలెయ్యి, నన్ను తిట్టు, తలుపు బద్దలుకొట్టు, ఏదో ఒకటి చెయ్యి, రా.

"ఇప్పుడా?" అన్నాడు శశికాంత్. "క్లయింట్ కాల్ ఉందక్కా, రీషెడ్యూల్ చేస్తే బాగుండదు. నువ్వున్నావుగా అక్కడ."

నమ్రత ఫోన్ ఆపేసింది. మీనా భుజాలు మెల్లగా దిగాయి, తల ఇంకాస్త వంచింది. "కానివ్వండి వదినా," అంది.

మళ్ళీ నూనెలో వేలు ముంచి నమ్రత మొదటి ముడి పట్టుకుంది. అది అన్నిటికంటే గట్టిగా ఉంటుందనుకుంది. పట్టుకోగానే ఊడిపోయింది. పైనున్న రెండూ అదిమి పట్టబట్టే అది ఇన్నాళ్ళూ ముడిలా ఉంది.